వాకిలి దాటని బాల్యము

నేటి పిల్లల మనస్సులు ఇట్టే అలసిపోవుటకు సెల్‌ఫోనే కారణమని పెద్దలు తరచుగా చెప్పుచుందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. కాని అది సగము నిజమే. తక్కిన సగము మన వీధి వాకిళ్లయొద్ద ఉన్నది.

అనకాపల్లిలో సాయంకాలము ఏ వీధికైనను పోయి చూడుడు. పదమూడేండ్ల బాలుని వీధిచివరి అంగడికి పంపి ఉప్పు తెప్పించుటకు తల్లి జంకును. శారదానది గట్టునకు పోవలదనును. సైకిలుపై బడికి పోవుట అపాయమని తండ్రి ఆటో మాట్లాడును. అదే బాలుడు గది తలుపు మూసికొని అర్ధరాత్రివరకు ఫోను చూచుచున్నను, “ఇంటిలోనే ఉన్నాడు గదా” యని ఇద్దరును నిశ్చింతగా నిద్రపోవుదురు. వీధిలో కనబడు మనుష్యులకు భయపడి, ముఖమైనను తెలియనివారి నడుమ బిడ్డను విడుచుట ఏమి జాగ్రత్తయో నాకు బోధపడదు.

పెద్దల భయము అకారణమని నేననను. జాతీయ రహదారిపై లారీల రద్దీ నేనెరుగుదును. ఆడపిల్లల తల్లుల కలత ఇంకను పెద్దది. పైగా 2020 మార్చిలో కరోనా వ్యాధివలన బడులు మూతపడినపుడు పాఠములకై ఎన్నో ఇండ్లలో ఫోనులు కొనవలసివచ్చెను. తరువాత బడులు తెరచిరి. ఫోనులు మాత్రము పిల్లల చేతులలోనే నిలిచినవి. పిల్లవాడు అల్లరిచేయక ఒకచోట కూర్చుండుట పెద్దలకును సుఖమే. ఈ సంగతి వారు ఒప్పుకొనరు.

మీ వయస్సువారికి రాత్రి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. పొద్దుపోయిన పిదప కంటబడు తెర వెలుగు ఆ నిద్రను వెనుకకు నెట్టును. ఐదు మొదలు పదునేడేండ్ల వయస్సువారు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒడలు అలయునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించెను. ఇవి కంటికి కనబడు నష్టములు. కనబడని నష్టము వేరొకటి కలదు. అంగడివానితో చిల్లర సరిచూచుకొనుట, దారి తప్పినచో ఒకరిని అడుగుట, స్నేహితునితో తగవుపడి తామే రాజీపడుట - ఇట్టి చిన్న పనులలోనే మనస్సునకు ధైర్యము అలవడును. ఆటలో ఓడినవాడు మరునాడు మరల అదే జట్టుతో ఆడును. ఫోనులో తన చిత్రమును ఎవరును మెచ్చుకొనలేదని చిన్నబుచ్చుకొన్నవాడు ఆ బాధను ఎవరికి చెప్పుకొనగలడు?

మన చుట్టుపట్ల చెఱకు రైతులను చూడుడు. తోట ఎదిగిన పిదప గాలికి పడిపోకుండ ఎండుటాకులతో జడచుట్టి, ఒక దుబ్బును మరొక దుబ్బుతో కట్టుదురు. అంతియేకాని ఎండ తగులునని తోటపై పందిరి వేయరు.

ఆస్ట్రేలియా దేశమున పదునారేండ్లు నిండనివారు కొన్ని సామాజిక మాధ్యమములలో ఖాతా కలిగియుండరాదను చట్టము 2025 డిసెంబరు 10వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. మంచిదే కావచ్చును. కాని ఫోను లాగికొని, వాకిలిని కూడ మూసియుంచినచో ఆ బిడ్డ ఏమి చేయవలెను? గోడలను చూచుచు కూర్చుండవలెనా?

విద్యార్థులారా! వారమునకొకనాడు కూరగాయలో బెల్లమో తెచ్చు పనిని మీకు అప్పగింపుడని తల్లిదండ్రులను అడుగుడు. సొమ్ము లెక్క మీరే చెప్పుడు. చెప్పిన వేళకు ఇల్లు చేరుడు. అట్లు చేరినకొలది వారి భయము తగ్గును. ఈత నేర్చిన పెద్దవారు వెంట లేక నదిలో దిగవలదు. ఈ విషయమున నేనును భయస్థుడనే. దినములతరబడి దిగులు విడువకున్నను, నిద్రాహారములు తప్పినను దాచుకొనక ఇంటిలోనో బడిలోనో చెప్పుడు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. ఆ ఒక్క పనికి ఫోను వాడిన నేను తప్పుపట్టను.

ఇక రాత్రి భోజనమైన పిదప ఇంటిలోని ఫోనులన్నియు ఒకే అలమరలో ఉంచవలెను. అన్నియు అనగా నాన్నగారి ఫోను కూడ.