ఆస్తికుని ముంగిట నాస్తికుని యింటి పెండ్లి

రాజకీయములలో భిన్నపక్షము నవలంబించినవానితో స్నేహము త్రెంచుకొనుటయే నిష్ఠకు గుర్తని తలచువారు నేడు మన పట్టణములలో పెచ్చుపెరిగినారు. మతవిషయమున సరేసరి. పఠనమందిరములో ఒకే బల్లకడ కూర్చుండి ఒకే పత్రికను చదువువారు సైతము ఒకరి యింటి శుభకార్యమునకు మరియొకరు పోవుట మానుకొనుచున్నారు. కారణమడిగినచో, వారి సిద్ధాంతము వేరందురు. ఇట్టివారికి మేమొక పెండ్లిసంగతి జ్ఞప్తి చేయదలచితిమి. అది మన కృష్ణాజిల్లావారి యింటి పెండ్లి. జరిగినది మాత్రము వార్ధా చెంతనున్న సేవాగ్రామములో, 1948 మార్చి 13వ తేదీన.

వధువు తండ్రి, గోరా అను పేర ఆంధ్రులకు సుపరిచితులైన గోపరాజు రామచంద్రరావుగారు. బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, వృక్షశాస్త్రాధ్యాపకులై, దేవుడు లేడని బాహాటముగా చెప్పినందులకు 1933లో కాకినాడలోను, 1939లో బందరులోను కళాశాల యుద్యోగములు పోగొట్టుకొనిరి. 1940లో ముదునూరు గ్రామమున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. అటుపిమ్మట పత్రికలు నడిపి రాజకీయ వ్యాఖ్యలు వ్రాసిరి. పార్టీలు లేని ప్రజాస్వామ్యమును గూర్చి తుదివరకు వాదించిరి. ఈ కడపటి వాదము మాకు సమ్మతము కాదు. పార్టీలు లేని శాసనసభలో ముఠాలు పుట్టవని నమ్ముటకు వలసిన అమాయకత్వము మాకు లేదు. కాని మనుష్యుని కొలుచుటకు ఆయన వాదములన్నియు మనకు నచ్చవలెనను నియమమేమియు లేదు గదా!

ఈయన 1930లోనే గాంధీమహాత్మునకు దేవుని గూర్చి ప్రశ్నించుచు లేఖ వ్రాసిరి. ముఖాముఖి కలిసికొనుట 1944 చివరిమాటగాని పొసగలేదు. అస్పృశ్యతను గ్రామములనుండి పెరికివేయుటకు నాస్తిక్యమే దారియని గోరాగారి వాదము. రామనామము లేక యొక యడుగు వేయని మహాత్ముడు దానిని ఓపికతో వినెను. తన ఆస్తిక్యమే సత్యమనిగాని ఆయన నాస్తిక్యము తప్పనిగాని తాను తేల్చి చెప్పజాలనని పలికెను. ఈ సంభాషణలను గోరాగారు తరువాత ఆంగ్లమున గ్రంథముగా వ్రాయగా, 1951లో నవజీవన్ సంస్థయే దానిని ప్రచురించెను. నాస్తికుని పుస్తకమును గాంధీగారి ముద్రణాలయము అచ్చువేసిన దన్నమాట.

గోరాగారు తమ కుమార్తె మనోరమను అర్జునరావను దళిత యువకునకు ఇచ్చి పెండ్లి చేయ నిశ్చయించిరి. గాంధీగారు సంతోషించి, ఆ పెండ్లి తమ యాశ్రమముననే జరుగవలెననిరి. ఇచట మనము కొంత వెనుకకు చూడవలెను. 1926లో దక్షిణాఫ్రికాలో నున్న కుమారుడు మణిలాలు ఒక ముస్లిము కన్యను వివాహమాడగోరినప్పుడు, అది ధర్మవిరుద్ధమనియు, హిందూముస్లిము సమస్యపై దాని ప్రభావము పడుననియు ఈ గాంధీగారే వారించిరి. మరుసటి యేడు మణిలాలు తండ్రి కుదిర్చిన సంబంధమునే చేసికొనెను. ఆ తండ్రియే ఇరువది యేండ్లు గడచునప్పటికి, వధూవరులలో ఒకరు హరిజనులు కానిచో ఆ పెండ్లికి తన యాశీర్వాదము లేదనునంతవరకు వచ్చెను. మార్పు ఆలస్యమైనదని ఆక్షేపించువారితో మాకు తగవు లేదు. మణిలాలునకు అది ఆలస్యమే. కాని ఆ వయస్సున, ఆ కీర్తితో, తన వెనుకటి మాటను తానే దాటిపోగలవారు రాజకీయములలో ఎందరున్నారు?

చిక్కు మరియొకటి మిగిలెను. పెండ్లితంతులో దేవుని పేరు ఎట్లు? గోరాగారు దానిని ఒప్పుకొనరు. మహాత్ముడు దేవుడనుచోట సత్యమను మాటను చేర్చుటకు సమ్మతించెను. నమ్మనివానిచేత మంత్రము పలికింపవలెనని ఈయన పట్టుపట్టలేదు. ప్రార్థనలు జరుగు ఆశ్రమమున కాలిడనని ఆయన బిగిసికొనలేదు. ఇరువురిలో నెవ్వరును తమ సిద్ధాంతమున వీసమంతయు అమ్ముకొనలేదు. 1948 జనవరి 30వ తేదీన గాంధీగారు హతులైరి. ఆయన లేకున్నను ఆ పెండ్లి ఆయన కోరినచోటనే జరిగెను. 1960లో గోరాగారి కుమారుడు లవణంగారు మహాకవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె హేమలతను పెండ్లాడిరి. వేదికపై కులనిర్మూలనమును ఘోషించి, ఇంటికిపోయి శాఖోపశాఖలు సరిచూచి సంబంధములు వెదకు మన నాయకులు ఈ యింటి చరిత్రను చదువుదురుగాక.

ఇది వ్యక్తులమాట. రాజ్యము సంగతి యేమి? మహాత్ముడు మిత్రుని అడుగనిదానిని ఆనాటి ప్రభుత్వము అడిగెడిది. 1872 నాటి మూడవ చట్టము క్రింద పెండ్లాడగోరువారు తాము హిందూ, ముస్లిము, క్రైస్తవాది మతములలో దేనికిని చెందమని ప్రకటింపవలసియుండెను. 1923లో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము చేసికొను పెండ్లిండ్లకు మాత్రము ఆ నిర్బంధము సడలినది. ఎవరి మతము వారికుండగనే ఎవరినైనను పెండ్లాడవచ్చునను హక్కు అందరికిని 1954 నాటి ప్రత్యేక వివాహచట్టముతోగాని రాలేదు.

వచ్చినదిగాని, తోకతో వచ్చినది. ఈ చట్టము క్రింద వధూవరులు ముందుగా నోటీసు ఇయ్యవలెను. అది కార్యాలయములో అందరికిని కనబడునట్లు అంటింపబడును. 30 దినములు ఆక్షేపణలకు గడువు. చట్టము చెప్పు ఆక్షేపణలు కొలదియే: పూర్వవివాహము, వయస్సు చాలకుండుట, నిషిద్ధ బంధుత్వము, మతిస్థిమితము లేకుండుట. న్యాయవాదవృత్తిలో నున్న మేము ఎరిగినంతలో, ఆ కాగితమును చదువవచ్చువారు చట్టము చదివి రారు. వచ్చునది అన్నదమ్ములు, మేనమామలు, కులపెద్దలు, మతసంఘములవారు. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహము చేసికొన్న యువకుని పట్టపగలు నరికి చంపించిన ఈ దేశములో, పారిపోయి వచ్చిన జంట చిరునామాను గోడకు అంటించుట ఎవరి క్షేమమునకు? 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు, వధూవరులు కోరనిచో ఆ ప్రకటన అక్కరలేదని తీర్పు చెప్పినది. సంతోషమే, కాని మన పిల్లలు పెండ్లాడుటకు అలహాబాదు పోవలెనా?

మోసములను అరికట్టుటకు నోటీసు అవసరమని కొందరు మిత్రులు వాదింతురు. వయస్సునకు ధ్రువపత్రములున్నవి; పూర్వవివాహమును దాచినవానికి శిక్షాస్మృతి యున్నది. అదియునుగాక, 1955 నాటి హిందూ వివాహచట్టము క్రింద పెండ్లాడువారిని ఎవ్వరును నెలదినములు గోడకు అంటించి నిలుపుట లేదు. వారిలో మోసగాండ్రు పుట్టరని పార్లమెంటువారికి ఎవరు హామీ యిచ్చిరో మాకు తెలియదు.