మాత్ర మింగితే చాలదు, తూకమూ చూడాలి

ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. నిద్ర మానేశాడు. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని తలుపులు బిగించుకున్నాడు. ఎవరూ అనని మాటలు వినబడుతున్నాయన్నాడు. తాయెత్తు కట్టించారు, దిష్టి తీయించారు. చివరికి ఎవరో చెబితే పట్నం తీసుకువెళ్ళి మానసిక వైద్యునికి చూపించారు. నాలుగు నెలలు మాత్రలు వాడేసరికి మనిషి కుదుటపడి చేలోకి దిగాడు. "బాగానే ఉన్నాడుగా, ఇంకా ఆ మాత్రలెందుకు? ఒళ్ళు చూడండి ఎలా వచ్చేసిందో" అన్నారు చుట్టాలు. ఇంట్లోవాళ్ళూ సరేనన్నారు. దాళ్వా కోతల నాటికి రోగం మళ్ళీ మొదటికొచ్చింది.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు. డెల్టా గ్రామాల్లో ఇటువంటి సంసారాలు కొత్త కాదు. తప్పంతా ఆ కుటుంబం మీద నెట్టడం న్యాయం కాదు. రోగం తగ్గిన తర్వాత కూడా మందు ఎందుకు వాడాలో, ఒళ్ళు వస్తుంటే ఏం చేయాలో వారికి విడమరచి చెప్పినవారు లేరు.

మనోవ్యాధికి పనిచేసే తొలి ఆధునిక ఔషధం క్లోర్‌ప్రోమజైన్ 1952లో ఫ్రాన్సులో వాడుకలోకి వచ్చింది. అటువంటి పాత మందులతో భ్రమలు తగ్గినా చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, నోట చొంగ కారడం వంటి బాధలు ఎక్కువగా ఉండేవి. తర్వాత క్లోజపిన్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్ వచ్చాయి. వీటిని రెండో తరం మందులంటారు. వీటితో వణుకు, బిగుసు తక్కువ. కాని మరో చిక్కు ఉంది. ఆకలి పెరుగుతుంది, కొద్ది నెలల్లోనే బరువు పెరుగుతుంది, రక్తంలో చక్కెర, కొవ్వు పెరగవచ్చు. ఒలాంజపిన్, క్లోజపిన్ మాత్రలతో ఇది మరీ ఎక్కువ. ఈ తరగతి మందులన్నిటి మీదా మధుమేహం గురించి హెచ్చరిక ముద్రించాలని 2003లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ ఆదేశించింది.

అంతమాత్రాన మందు చెడ్డదని కాదు. చూసుకుంటూ వాడవలసిన మందు అని అర్థం. 2004లో అమెరికాలోని మధుమేహ, మానసిక వైద్య సంఘాలు కలిసి ఒక పద్ధతి సూచించాయి. మందు మొదలుపెట్టే ముందే బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, కొవ్వు చూడాలి. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలకు మళ్ళీ తూకం వేయాలి. పన్నెండో వారంలో చక్కెర తిరిగి చూడాలి, ఆపైన ఏడాదికొకసారి చూడాలి. అరవై కిలోల మనిషి మూడు కిలోలు పెరిగాడంటే మందు మార్చాలా అని వైద్యుడు ఆలోచించవలసిన సమయం వచ్చినట్టే. ఆ మార్చడమైనా, తగ్గించడమైనా వైద్యుని చేతిలోనే జరగాలి. పళ్ళెం నిండా అన్నం పెట్టుకునే అలవాటున్న డెల్టాలో ఈ తూకం అవసరం మరీ ఎక్కువ.

క్లోజపిన్ సంగతి వేరు. మిగతా మందులకు లొంగని వారికి ఇది ప్రాణం లేచివచ్చినంత మేలు చేస్తుంది. అయితే కొద్దిమందిలో రక్తంలోని తెల్ల కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. 1975లో ఫిన్లాండులో ఈ మందు వాడినవారు కొందరు ఈ కారణంగానే చనిపోయారు. అందుకే మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేసే పద్ధతి అనేక దేశాల్లో స్థిరపడింది. జ్వరం గాని, గొంతునొప్పి గాని వస్తే నాటువైద్యంతో కాలం గడపకుండా అదే రోజు రక్తం చూపించాలి. మలబద్ధకాన్ని కూడా చిన్న విషయంగా తీసుకోరాదు. రెండు రోజులకు మించి మాత్ర తప్పితే పాత మోతాదు ఒక్కసారిగా వేసుకోరాదు, వైద్యుని అడగాలి. రక్తం చూస్తూ మందు వాడడం వింతేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో అమెరికా ప్రయోగశాలలో తయారైన మెథోట్రెక్సేట్‌ను కూడా ఇప్పటికీ రక్తపరీక్షలు చేస్తూనే వాడుతున్నారు.

ఈ జిల్లాల జీవనానికి తగిన జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. ఈ మందులు వాడేవారి ఒళ్ళు వేసవి వేడిని సరిగా తట్టుకోలేకపోవచ్చు. రోహిణీ కార్తెలో నడి ఎండన కోత పనికి వారిని పంపరాదు, నీళ్ళు తరచుగా తాగించాలి. తీవ్రమైన జ్వరంతో పాటు ఒళ్ళు కట్టెలా బిగుసుకుని మాట తడబడితే వడదెబ్బేలే అని ఊరుకోరాదు. అది మందు వల్ల అరుదుగా వచ్చే ప్రాణాపాయ స్థితి కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి. మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో మగత, లేవగానే కళ్ళు తిరగడం ఉంటాయి. కోనసీమలో కొబ్బరి చెట్టెక్కేవారు, తాటిచెట్టు గీసేవారు, ట్రాక్టరు తోలేవారు, పడవ నడిపేవారు ఆ రోజుల్లో ఆ పనులకు దూరంగా ఉండాలి. సారా, కల్లు, బ్రాందీ ఏదైనా ఈ మాత్రలతో కలిస్తే మగత ముదురుతుంది.

చుట్ట సంగతి చాలామందికి తెలియదు. పొగ తాగేవారి ఒంట్లో ఒలాంజపిన్, క్లోజపిన్ త్వరగా ఖర్చయిపోతాయి. లంక పొగాకు చుట్టలు రోజంతా కాల్చే మనిషి ఒక్కసారిగా మానేస్తే అదే మోతాదు ఒంట్లో ఎక్కువై కూర్చుంటుంది. చుట్ట మానడం మంచిదే. మానేటప్పుడు వైద్యునికి చెప్పి మానాలి.

నిద్రపట్టని ముసలివారికి పక్కింటివారి మాత్ర ఇవ్వడం కొన్నిచోట్ల ఉంది. ఇది చాలా ప్రమాదం. మతిమరుపు జబ్బున్న వృద్ధుల్లో ఈ మందుల వల్ల మరణాలు పెరుగుతాయని 2005లోనే హెచ్చరిక వెలువడింది. ఇవి వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని మందులు. మందుల షాపులవారూ, ఊళ్ళోని ఆర్ఎంపీలూ దీన్ని గుర్తుంచుకోవాలి. రోగికి తెలియకుండా సాంబారులోనో కాఫీలోనో మాత్ర కలపడం మరో అలవాటు. ఎంత లోపలికి పోయిందో తెలియదు, ఎవరి గ్లాసు ఎవరు తాగారో తెలియదు. సంగతి బయటపడిన రోజున ఆ మనిషి ఇంట్లోవారి చేతి అన్నాన్నే నమ్మడు. దానికన్నా వైద్యుని ముందు కూర్చోబెట్టి చెప్పించడం మేలు. రోజూ మాత్ర వేసుకోలేని వారికి కొన్ని వారాలకొకసారి ఇచ్చే సూదిమందు కూడా ఉంది. గర్భం వస్తే భయపడి మాత్ర ఆపకుండా వైద్యుని సలహా తీసుకోవాలి.

ఇవన్నీ కుటుంబాలు చేయవలసినవి. సర్కారు చేయవలసినదీ ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన వారికి రక్తపోటు, చక్కెర పరీక్షించే కార్యక్రమం గ్రామాల్లో నడుస్తోంది. కాని స్కిజోఫ్రినియా వంటి మనోవ్యాధి ఎక్కువగా మొదలయ్యేది పదిహేనుకూ ముప్పైకీ మధ్యనే. ఒలాంజపిన్ మింగే ఇరవై రెండేళ్ళ కుర్రవాడు ఆ జాబితాలోకి రాడు. చక్కెర చూసే యంత్రం అతని గుమ్మం ముందు నుంచే వెళ్ళిపోతుంది. ఒక్క తూకం కోసం, ఒక్క చక్కెర పరీక్ష కోసం లంక గ్రామాలవారు కూలి మానుకుని, రేవు దాటి కాకినాడ పెద్దాసుపత్రికి పోవాలంటే ఎన్నిసార్లు పోగలరు? ఈ మందులు వాడేవారిని వయసుతో నిమిత్తం లేకుండా ఆ పరీక్షల్లో చేర్చితే సరిపోతుంది. కొత్త భవనం అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు.

అత్యవసర మందుల జాబితాలోని మానసిక ఔషధాలను సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పైస్థాయి వరకు సర్కారు ఆసుపత్రులన్నిటా ఉచితంగా అందించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. రోగిని గొలుసులతో బంధించరాదని కూడా అదే చట్టం శాసించింది. మందు నిల్వ లేదన్న మాట వినబడినచోట గ్రామస్థులు ఆ చట్టం పేరు చెప్పి అడగాలి. సందేహం వస్తే 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ధాన్యం బస్తాను కాటా మీద పెట్టనిదే గోదావరి రైతు గుమ్మం దాటనివ్వడు. మాత్ర మింగుతున్న బిడ్డను నెలకొకసారి అదే శ్రద్ధతో తూచడం కష్టమేమీ కాదు. ఆ అంకె చీటీ మీద రాసుకుని వైద్యునికి చూపిస్తే, ఒళ్ళు వచ్చిందని మందు మానేయవలసిన అగత్యం రాదు. దాళ్వా కోతల నాటికి ఆ కుర్రవాడు చేలోనే ఉంటాడు.