పగడాల యాత్ర: అడగని ప్రశ్నలు

సముద్రం కంటికి ఆనని ఊళ్లు మనవి. అయినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో సైతం నేడు స్కూబా డైవింగ్ మాట వినబడుతున్నది. అండమానా, లక్షద్వీపాలా, మాల్దీవులా? పగడపు దిబ్బలు ఇంకా ఎక్కడ బాగున్నాయి? చెప్పేందుకు సలహాదారులకు కొదవ లేదు. నా తగవు వారితోనే.

2024 జనవరిలో మాల్దీవులను బహిష్కరించి లక్షద్వీపాలకు పదండన్న నినాదం దేశమంతా మారుమోగింది. దేశభక్తితో దీవిని ఎంచుకున్నవారిలో దాని చుట్టూ ఉన్న పగడాల గతి ఏమిటని అడిగినవారెందరు? ఆ వేసవిలోనే లక్షద్వీపాల పగడాలు తెల్లబారినవి.

పగడమంటే మనకు కుజదోషానికి ధరించే ఉంగరంలోని రాయి. కాని అది ప్రాణి. దిబ్బలను కట్టే పగడాల ఒంటిలో కాపురముండే సూక్ష్మ శైవలాలే వాటికి అన్నమూ, రంగూ ఇచ్చేవి. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ వేడి కొన్ని వారాలు నిలిచిందా, ఆ కాపురం చెడుతుంది. వేడి తగ్గకపోతే మిగిలేది తెల్లని అస్థిపంజరం. 1998, 2010, 2016 సంవత్సరాలలో ఇదే జరిగింది. అగత్తి, కద్మత్, కవరత్తి దీవులలో 1998 నుండి 2022 నాటికి సజీవమైన పగడం దాదాపు సగమైనది. కనుక ‘పగడాలు బాగున్న దీవి’ అన్నది శాశ్వతమైన చిరునామా కాదు. గత ఏటి ఛాయాచిత్రం ఈ ఏటికి సాక్ష్యమూ కాదు.

చూస్తేనే కదా ప్రేమ పుట్టేది అని వాదించేవారున్నారు. ఆ ప్రేమ తాకిడికి థాయిలాండ్‌లోని మాయా బే తీరాన్ని 2018లో మూసివేసి, 2022 దాకా తెరవలేకపోయారు. ద్వీపవాసుల బతుకుతెరువు మాటా నిజమే. యాత్ర మానమని నేననను. కాని డబ్బు కట్టే ముందు అడగండి: ఇక్కడ పగడాలు చివరిసారి ఎప్పుడు తెల్లబారినవి? పడవను తేలుబెండుకు కడతారా, పగడాల మీదనే లంగరు వేస్తారా? పగడాన్ని ముట్టుకోబోతే శిక్షకుడు వారిస్తాడా? జవాబు నసిగేవాడికి మీ సొమ్ము ఇవ్వకండి.

అసలు ప్రశ్న మన గుమ్మంలోనే ఉన్నది. మిర్యాలగూడ పక్కన దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం బొగ్గుతో నడిచేది. కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలున్నాయి. పగడం సముద్రంలో కణం కణం సున్నపురాయిని కూడగడుతుంది. మనం ఇక్కడ సున్నపురాయిని కాల్చి, దానిలోని బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదులుతాము. లోకం వదిలే ఆ వాయువులో సుమారు నాలుగవ వంతు సముద్రంలో కరిగి, నీటి ఆమ్లత పెంచి, పగడం కట్టుకునే గూటినే బలహీనపరుస్తున్నది.

ఒక్క దామరచర్ల వలన లక్షద్వీపాలు మునగవు. రైతు మోటారుకూ, బియ్యం మిల్లుకూ కరెంటు కావాలి. ఎవరి ఇల్లయినా సిమెంటుతోనే లేస్తుంది. అయితే ‘మాదెంత?’ అని లోకంలోని ప్రతి ఊరూ అనుకున్నందుకే కదా సముద్రం వేడెక్కింది! దూరదేశపు దీవి గురించి నూరు ప్రశ్నలడిగే మనం, మన కరెంటు ఎన్నేళ్లు బొగ్గు మీద నడవాలో మన ప్రతినిధులను ఒక్కసారైనా అడిగామా? అది అడగకుండా బతికున్న పగడం కోసం వెతకడం, చావుబతుకుల్లో ఉన్న మనిషికి వైద్యుణ్ణి పిలవక, కడచూపునకు టికెట్టు కొనడమే.