నోటు పుస్తకంతో వచ్చే విద్యార్థిని ఈ ప్రశ్న అడగండి

వ్యవసాయ డిగ్రీ చదివే పిల్లలు చివరి సంవత్సరంలో కొన్నాళ్లు పల్లెల్లో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకోవాలి. పత్తి, మిరప పండించే మన గుంటూరు, ప్రకాశం పల్లెలకూ ఇలాంటి పిల్లలు నోటు పుస్తకాలతో వస్తుంటారు. 'ఎన్నెకరాలు? ఎన్నిసార్లు మందు కొట్టారు? ఎన్ని క్వింటాళ్లు అయింది?' అని అడుగుతారు. మనం చెబుతాం, వాళ్లు రాసుకుంటారు. పుస్తకం నిండుతుంది, మార్కులు పడతాయి. మరి మన చేనుకు ఒరిగిందేమిటి? చాలాసార్లు ఏమీ ఉండదు.

తప్పు పిల్లలది కాదు. ఏం తేల్చుకోవాలో ముందుగా నిర్ణయించుకోకుండా లెక్కలు పోగేస్తే ఎంత చదివినవారికైనా ఇంతే. పరిశోధనకు ముందు ఒక ఊహ కావాలి. పుస్తకాల్లో దాన్నే 'పరికల్పన' అంటారు. అది గాలి మాట కాకూడదు. చేలో పరీక్ష పెడితే అవునో కాదో తేలిపోయేలా ఉండాలి. ఆ ఊహ హాస్టలు గదిలో కాక మన గట్టు మీద, మనతో మాట్లాడాక పుట్టాలన్నది నా అభిప్రాయం.

1987 నేర్పిన పాఠం

1987-88 సీజనులో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని శనగపచ్చ పురుగు ఊడ్చిపెట్టిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పైరిథ్రాయిడ్ మందులు పదేపదే కొట్టినా పురుగు చావలేదు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతులూ ఉన్నారు.

అలాంటప్పుడు రచ్చబండ దగ్గర తలో మాటా వినబడుతుంది. 'మందు కల్తీది' అని ఒకరు, 'కొట్టడం సరిగా లేదు' అని మరొకరు, 'పురుగే మందుకు అలవాటుపడిపోయింది' అని ఇంకొకరు. అన్నీ నమ్మదగ్గట్టే ఉంటాయి. కానీ ఒక్కొక్కదానికి విరుగుడు ఒక్కొక్కటి. కల్తీ అయితే కొట్టు మార్చాలి. అలవాటుపడితే మందునే మార్చాలి, అసలు పద్ధతే మార్చాలి.

తేల్చడం ఎలా? కల్తీ ఒక్కటే కారణమైతే, అదే పురుగును పట్టుకెళ్లి స్వచ్ఛమైన మందు కొలిచి వేస్తే చావాలి. పురుగు తట్టుకునే శక్తి పెంచుకుని ఉంటే చావదు. శాస్త్రజ్ఞులు ఈ పనే చేశారు. ఆంధ్రప్రదేశ్ చేల నుంచి పురుగులు సేకరించి, కొలిచిన మోతాదులు ఇచ్చి, మందుకు లొంగే పురుగులతో పోల్చి చూశారు. మన పురుగు పైరిథ్రాయిడ్లను తట్టుకుంటోందని తేలింది. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వారి పరీక్షల ఫలితాలు 1989లో అచ్చయ్యాయి. కల్తీ మందులు లేవని దీని అర్థం కాదు. కల్తీ లేకపోయినా ఆ పురుగు లొంగేది కాదన్నమాట. ఊహను పరీక్షకు నిలబెట్టారు గనుకనే ఇది తేలింది.

మంచి ఊహ ఎలా ఉండాలి?

2021-22లో మిరపను నల్ల తామర పురుగు ఎలా కాల్చుకు తిన్నదీ మీకు చెప్పనక్కర్లేదు. పూవులో చేరి పూతను రాల్చేసే ఈ పురుగు మీద ఒక విద్యార్థి ప్రాజెక్టు చేస్తానని మీ దగ్గరికి వచ్చాడనుకుందాం.

'తామర పురుగు వల్ల మిరపకు నష్టం' అంటే అది అందరికీ తెలిసిందే, పరీక్ష అక్కర్లేదు. 'యూరియా ఎక్కువైతే మంచిది కాదు' అంటే పట్టు దొరకదు. ఎంత ఎక్కువ? దేనికి మంచిది కాదు? దేంతో పోల్చి?

దాన్నే ఇలా చెప్పించండి: 'ఒకే రకం, ఒకే వారం నాటిన మిరపలో, సిఫారసు మేరకే యూరియా వేసిన సాళ్లలో కంటే అంతకు ఒకటిన్నర రెట్లు వేసిన సాళ్లలో, పూత దశలో పూవుకు తామర పురుగులు ఎక్కువగా ఉంటాయి.' ఇప్పుడు పని మొదలుపెట్టొచ్చు. దేన్ని మార్చాలో, దేన్ని మార్చకూడదో, ఎప్పుడు, ఏం లెక్కపెట్టాలో అన్నీ అందులోనే ఉన్నాయి. పూలు కోసి తెల్ల కాగితం మీద దులిపితే పురుగులు కంటికి కనబడతాయి. లెక్కకు యంత్రాలు అక్కర్లేదు.

ఓడిపోయే దారి ఉండాలి

అసలు ప్రశ్న ఇది: 'అబ్బాయ్, నీ ఊహ తప్పయితే అది ఎలా తెలుస్తుంది?' రెండు రకాల సాళ్లలోనూ పురుగులు సమానంగా ఉంటే నా ఊహ ఓడినట్టే అని వాడు పని మొదలెట్టకముందే రాసుకోవాలి. జవాబు చెప్పలేకపోతే ఊహ ఇంకా పండలేదన్నమాట. ఏం జరిగినా 'నేను చెప్పినట్టే అయింది' అనగలిగే మాట జోస్యానికి పనికొస్తుంది గానీ సేద్యానికి కాదు.

పోల్చడానికి మార్చని సాళ్లు పక్కనే ఉండాలి. మందు కొట్టిన మర్నాడు వాన పడి పురుగు తగ్గితే గొప్ప మందుదా, వానదా? కొట్టని సాళ్లు పక్కన ఉంటేనే చెప్పగలం. ఏ సాళ్లకు ఏది వేయాలో చీటీలు వేసి నిర్ణయించాలి. బాగున్న చెక్కను ఏరి దానికి ఇష్టమైన మందు వేస్తే లెక్క ముందే వంగిపోతుంది. ఒక్క చేను చాలదు. నలుగురైదుగురు రైతుల చేలలోనూ అదే కనబడాలి. చివరకు కాటా మీద తూకం కూడా చూడాలి. పురుగు తగ్గి దిగుబడీ తగ్గితే రైతుకు లాభమేముంది?

మన వంతు

'మాకు తీరికేదీ? కౌలు కట్టాలి, కూలీల్ని చూసుకోవాలి' అంటారు. నిజమే. అందుకే పరీక్ష చిన్నదిగా ఉండాలి. ఎకరం మీద వద్దు, నాలుగైదు సాళ్లు చాలు. ఆ సాళ్లలో నష్టమొస్తే ఎవరు భరించాలో కళాశాల వారితో ముందే మాట్లాడుకోండి. మొహమాటం వద్దు. ఎకరా రెండెకరాల రైతు ఉచితంగా ప్రయోగశాల కానక్కర్లేదు.

ఇంకొక సంగతి మరువరాదు. ఏ గట్టు వైపు నుంచి పురుగు ముందు వస్తుందో, ఏ నీటి తడికి మొక్క వడలుతుందో గమనించింది మనమే. పై ముడత, కింది ముడత అని ఆకు చూసి చెప్పేది మనమే. ఊహకు విత్తనం మన దగ్గరుంది. దాన్ని కొలతకు తెచ్చే చదువు వాళ్ల దగ్గరుంది. రెండూ కలవాలి. ఫలితం తేలాక ఆ కాగితం నకలు ఒకటి మీకూ ఇమ్మనండి. లాం ఫారం శాస్త్రజ్ఞులకు చూపించి అడగండి.

విద్యార్థి ఈసారి మీ గడపకు వస్తే మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టండి. ఎన్నెకరాలో చెప్పేముందు, ఏం తేల్చుకుందామని వచ్చావో చెప్పమనండి. అదే ప్రశ్న మందుల కొట్టు ముందు నిలబడినప్పుడు మనల్ని మనమూ వేసుకుందాం: ఈ మందు పనిచేయకపోతే నాకు ఎలా తెలుస్తుంది?