ఆశీలు కట్టించుకున్న చోటే ఆక్రమణా?

సంపాదకులు గారికి,

బస్టాండు రోడ్డులో తోపుడు బళ్లు తీయించేసిన మునిసిపల్ అధికారులను ఆకాశానికెత్తుతూ మీరు రాసిన సంపాదకీయం చదివి కోపం ఆపుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ బళ్లలో ఒకటి మా వదినది. అన్నయ్య పోయాక ఆ ఇడ్లీ బండి మీదే ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. మీరేమో ఆవిడని ఆక్రమణదారు అన్నారు.

ఆక్రమణదారు దగ్గర మునిసిపాలిటీ రోజూ డబ్బెందుకు తీసుకుంటోంది? తెల్లారేసరికి ఆశీలు పాడుకున్న కాంట్రాక్టరు మనిషి వస్తాడు, డబ్బు తీసుకుని చీటీ చింపి ఇస్తాడు. బళ్లు తీయించిన రోజూ ఇచ్చాడు. ఆ చీటీ బండి కమ్మీకి గుచ్చి ఉండగానే ట్రాక్టరు వచ్చింది. పొయ్యి మీద ఉడుకుతున్న ఇడ్లీ పాత్రను కూడా దించుకోనివ్వలేదు. పెనం, పిండి బకెట్టు, పచ్చడి గిన్నెలు అన్నీ ఎత్తి పడేశారు. ఏమేం పట్టుకెళ్తున్నారో కాగితం ముక్క రాసివ్వలేదు. ఆఫీసుకెళ్తే సారు మీటింగులో ఉన్నారన్నారు. జరిమానా కట్టాక బండి వచ్చింది, గ్యాసు పొయ్యి రాలేదు. పిండి పులిసి పొంగి బకెట్టు చుట్టూ అట్టకట్టి ఉంది.

వీధి వ్యాపారుల చట్టం వచ్చింది 2014లో. దాని ప్రకారం సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ కదపకూడదు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. పాడైపోయేదైతే అడిగిన రోజే, మిగతాది అడిగిన 2 పనిదినాల్లో విడిచిపెట్టాలి. అంతకు ఎంతో ముందే, 1989లో, సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధిలో అమ్ముకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛేనని చెప్పింది. 2020లో వీధి వ్యాపారులకు అప్పులిచ్చే స్వనిధి పథకం కింద మా వదినకు 10,000 రూపాయల అప్పు వచ్చింది. ఈవిడ వీధి వ్యాపారే అని అప్పుడు సిఫార్సు చేసింది ఇదే మునిసిపాలిటీ! ఇంతకీ చట్టం మీరింది ఎవరండీ?

ఊరి బయట వేరే స్థలం చూపించారు కదా అంటారు మీరు. అక్కడ ఇడ్లీ ఎవరు తింటారు? ఏ మూల బండి పెడితే బేరం నడుస్తుందో తేల్చేది తొలి బస్సు దిగే కూలీలు, ఆసుపత్రికొచ్చే రోగుల బంధువులు. ఆఫీసు మ్యాపు మీద గీత గీస్తే జనం అటు నడవరు. మనుషులు నడిచే దారి వదలమనండి, చెత్త పారేస్తే జరిమానా వేయండి, ఎవరూ కాదనరు. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో ఒక అధికారి దయ మీద ఆధారపడితే మాత్రం మామూళ్లు పెరగడం తప్ప ఇంకేమీ జరగదు. పెద్ద పరిశ్రమల్లో చాలావాటికి 1991లోనే లైసెన్సులు ఎత్తేశారు. దాన్ని గొప్ప సంస్కరణ అని మెచ్చుకుంటూ మీరే ఎన్నోసార్లు రాశారు. ఇడ్లీ బండికి ఆ స్వేచ్ఛ అక్కర్లేదా?

నా స్టేషనరీ కొట్టు సంగతీ చెప్పాలి. ఏటా ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేయించాలి. ఒక్క అధికారి వచ్చి కొట్టు గడప తొక్కింది లేదు. ఎదురుగా కాలువలో పూడిక తీయమని అర్జీ పెడితే దిక్కులేదు కానీ, ఫీజు ఆలస్యమైతే పెనాల్టీకి మాత్రం ఆలస్యం ఉండదు. కట్టించుకున్న డబ్బుకు మాకు ఏం చేస్తున్నారని మీ పత్రిక ఎప్పుడైనా అడిగిందా?

కనీసం ఇప్పుడైనా అడగండి. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లు ఉండాలని ఆ 2014 చట్టంలో ఉంది. మన ఊళ్లో ఆ ఎన్నిక ఎప్పుడు జరిగింది, సర్వే జాబితా ఏది అని మీ విలేకరిని పంపి కనుక్కోండి. జవాబు ఇస్తే అచ్చు వేయండి. ఇవ్వకపోతే ఆ సంగతి కూడా, మీ సంపాదకీయం వచ్చిన పేజీలోనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా