తొలి పాలిషింగ్ యంత్రం: ఎంపికలో వివేకం

ఏ వృత్తిలోనైనా తొలిసారి అడుగుపెట్టేవానికి పెద్దలు అప్పగించే పని, చేతికిచ్చే పనిముట్టు ఒక క్రమాన్ని అనుసరించి ఉంటాయి. దర్జీ దుకాణంలో చేరిన కుర్రవానికి మొదటిరోజే ఖరీదైన పట్టుగుడ్డను, కత్తెరను అప్పగించరు. గుండీలు కుట్టడంతో అతని విద్య ఆరంభమవుతుంది. తప్పు జరిగినా విప్పి మరల కుట్టుకోగల పని అది. నేర్చుకొనేవాని తప్పు ఇతరుల సొమ్మును చెరపరాదన్నది ఈ క్రమంలోని నీతి. అయితే ఇటీవల మన పట్టణాలలో విస్తరిస్తున్న కార్ల పాలిషింగ్ వృత్తిలో ఈ నీతి తలక్రిందులైనట్లు మాకు తోస్తున్నది. అందరికంటె అనుభవం తక్కువగలవాడు అన్నింటికంటె ప్రమాదకరమైన యంత్రంతో పని మొదలుపెడుతున్నాడు. ఈ విషయమై మా అభిప్రాయాన్ని విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు, ఇలా ఏ ఊరి పొలిమేరలో చూచినా కార్లు కడిగి మెరుగుపెట్టే దుకాణాలు కనిపిస్తున్నాయి. మెకానిక్ పని, డెంటింగ్, పెయింటింగ్ జీవనాధారంగా గల కుటుంబాల పిల్లలు మన తరగతి గదులలో ఉన్నారు. ఉభయ గోదావరి ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళి, అక్కడి గ్యారేజీలలో పనిచేసి తిరిగివచ్చిన భాయిలు, చాచాలు ఉన్నవారూ కొందరు. డిగ్రీ చేతికి వచ్చినా ఉద్యోగం రాని యువకునికి, కొద్దిపాటి పెట్టుబడితో స్వంత దుకాణం తెరవవచ్చునన్న ఆశ కలగడం సహజం. ఆ ఆశ నిలవడమో కూలడమో తరచు అతడు కొన్న మొదటి యంత్రంపై ఆధారపడుతుంది. కళాశాల సంచికలో పాలిషింగ్ యంత్రం ముచ్చట ఏమిటని ఎవరైనా ఆక్షేపిస్తే, అది మన విద్యార్థుల బ్రతుకుతెరువు ముచ్చట అని మా సమాధానం.

మెరుగుపెట్టడం మన సమాజానికి కొత్త విద్య కాదు. పూర్వం ఇత్తడి, రాగి పాత్రలకు తగరపు పూత వేసే కళాయి పనివారిలో ముస్లిములు ఎందరో ఉండేవారు. కళాయి అన్న మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చినదే. కత్తులకు, లోహపు అద్దాలకు మెరుగుపెట్టే పనిని ఉర్దూలో సైఖల్ అంటారు. ఆ పనివాడు సైఖల్‌గర్. ఈ రెండు పనులకు మధ్యగల భేదాన్ని విద్యార్థులు గ్రహించాలి. కళాయి పైన చేర్చే పని. అరిగిపోతే మరల వేయవచ్చు. సైఖల్ తొలగించే పని, తీసివేసినది తిరిగిరాదు. కారుకు పాలిష్ పెట్టడం చూపులకు కళాయిలా ఉన్నా స్వభావంచేత సైఖల్. పైన ఏదో పూసి మెరిపిస్తున్నామని చాలామంది భ్రమపడతారు. మైనం పూయడం వేరు, పాలిష్ పెట్టడం వేరు. సన్నని గీతలున్న పై పొరను కొంత అరగదీసి, సమంచేయడం వల్లనే ఆ మెరుపు వస్తున్నది.

ఆ పొర ఎంత పలుచనిదో తెలిస్తే యంత్రం పట్టిన చేయి జంకుతుంది. నేటి కారు రేకుపై తుప్పును నిరోధించే పూత, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నింటికీ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటాయి. కర్మాగారంలో వేసిన ఈ పూతలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం. అంటే మిల్లీమీటరులో పదవ వంతు, లేదా అంతకు కొంచెం ఎక్కువ. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 లేక 50 మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వెంట్రుక కంటె పలుచనైన ఈ పూతే ఎండ నుంచి రంగును కాపాడుతున్నది. అంచులలోను, రేకు మడతల మీదను అది ఇంకా పలుచగా ఉంటుంది. ఒకసారి అరిగి రంగు బయటపడితే ఏ పాలిషూ దానిని బాగుచేయలేదు. ఆ భాగానికి తిరిగి పెయింటు వేయించవలసిందే.

ఇక యంత్రాలు. అవి ముఖ్యంగా రెండు రకాలు. రోటరీ అనే యంత్రంలో ప్యాడ్ ఒకే ఇరుసుపై, ఒకే దిశగా, నిమిషానికి సుమారు 600 నుంచి 3000 చుట్లు తిరుగుతుంది. చేతి ఒత్తిడి పెరిగినా అది ఆగదు. ఒకేచోట నిలిపితే ఆ చోటు వేడెక్కి పూత మాడిపోవచ్చు. నైపుణ్యం లేని చేతిలో అది ఎండలో మాత్రమే కనిపించే అలల వంటి చారలను కూడ మిగులుస్తుంది. నీడలో చూచి మెచ్చుకొని కారు తీసుకుపోయిన యజమాని, మరునాడు ఎండలో ఆ చారలను చూచి కోపంతో తిరిగివస్తాడు.

రెండవది డ్యూయల్ యాక్షన్ యంత్రం. పనివారు డీఏ అంటారు. భూమి తన చుట్టూ తాను తిరుగుతూనే సూర్యుని చుట్టూ తిరిగినట్లు, ఇందులో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే ఒక చిన్న వలయంలో కదులుతుంది. ప్యాడ్ తన చుట్టూ తాను తిరగడానికి మోటారు నేరుగా బలం ఇవ్వదు. కాబట్టి మితిమీరి నొక్కినా, వంపులో ఏటవాలుగా పెట్టినా ఆ భ్రమణం నిలిచిపోతుంది, కోత తగ్గిపోతుంది. చేయితిరిగినవారు దీనిని లోపమంటారు. ప్రారంభకునికి ఇదే రక్ష అని మేమంటాము. ఇది తప్పు కాచే యంత్రం. ప్యాడ్‌ను పట్టి ఉంచే బ్యాకింగ్ ప్లేటు అంచున మార్కరుతో ఒక నల్లని గీత గీసుకుంటే, ప్యాడ్ తిరుగుతున్నదో లేదో కంటికి తెలుస్తుంది. గీత నిలిచిపోయినట్లు కనిపిస్తే, ఎక్కువగా నొక్కుతున్నావని యంత్రమే హెచ్చరిస్తున్నదన్నమాట. దీనివల్ల హాని అసలే జరగదని మేము అనడంలేదు. పదునైన అంచుల మీద, ప్లాస్టిక్ బంపర్ల మీద దీనితోనూ జాగ్రత్త తప్పదు.

ఇక్కడ ఉస్తాదుల వాదాన్ని కూడ న్యాయంగా వినవలసి ఉంది. రోటరీపై చేయి కుదిరినవానికి ఏ యంత్రమైనా లొంగుతుందని, డీఏతో మొదలుపెట్టినవానికి లోతైన గీతలు పోగొట్టడానికి ఎక్కువ కాలం పడుతుందని వారంటారు. ఆ మాటలలో నిజం ఉంది. కాని పాతతరం వారు నేర్చుకొన్ననాడు అంబాసిడర్ వంటి కార్లపై సాధారణంగా క్లియర్ కోట్ ఉండేది కాదు. రంగే పై పొర. పైగా ఉస్తాద్ కళ్ళెదుట ఏళ్ళతరబడి నేర్చుకొన్న షాగిర్దుకు రోటరీ మంచి గురువే. నేడు యంత్రాన్ని ఇంటికి తెప్పించుకొని, సెల్‌ఫోనులో వీడియో చూచి పని ప్రారంభించే యువకుని ప్రక్కన ఉస్తాద్ లేడు. ఉస్తాద్ లేనిచోట యంత్రమైనా తప్పు కాచేదిగా ఉండాలి. రోటరీ నేర్వదలచినవాడు పాత ఇనుము దుకాణంలో ఒక బానెట్ కొని దానిపై నేర్చుకోవచ్చు. పరాయివాని కారు మనకు పాఠశాల కారాదు.

డీఏ యంత్రం కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడాలి. మొదటిది, ప్యాడ్ కదిలే వలయపు వ్యాసం. దీనిని త్రో అంటారు. 8, 15, 21 మిల్లీమీటర్ల త్రో గల యంత్రాలు బజారులో ఉన్నాయి. 21 విశాలమైన పైకప్పు మీద త్వరగా పనిచేస్తుంది, కాని వంపుల మీద ప్యాడ్ తేలికగా నిలిచిపోతుంది. మన రోడ్లపై తిరిగే చిన్న కార్లకు, ఒక్క యంత్రమే కొనగలిగినవానికి, 5 అంగుళాల ప్లేటు గల 15 మిల్లీమీటర్ల యంత్రం మేలని మా అభిప్రాయం. రెండవది, గేర్లతో ప్యాడ్‌ను బలవంతంగా తిప్పే రకమూ డ్యూయల్ యాక్షన్ పేరుతోనే దొరుకుతుంది. అది నొక్కినా ఆగదు కనుక మొదటి కొనుగోలుకు తగదు. మూడవది కరెంటు. మన ఇండ్లలో వచ్చేది 230 వోల్టులు. అమెరికా నుంచి బంధువులు తెచ్చే 120 వోల్టుల యంత్రాన్ని నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. నాలుగవది, కార్బన్ బ్రష్షులు, బ్యాకింగ్ ప్లేటు వంటి విడిభాగాలు దగ్గరి పట్టణంలో దొరకాలి. ఇటలీకి చెందిన రూపెస్ వంటి సంస్థల యంత్రాలు పేరుపొందినవే. అయినను తొలి యంత్రానికే అప్పుచేసి అంత ధర పెట్టవలసిన అగత్యం లేదు.

అలా మిగిలిన డబ్బును ప్యాడ్లపై వెచ్చించాలి. కారును తాకేది యంత్రం కాదు, ప్యాడ్. ఉన్ని ప్యాడ్, మైక్రోఫైబర్ ప్యాడ్ ఎక్కువగా కోస్తాయి. ప్రారంభకునికి ఫోమ్ ప్యాడ్లు తగినవి. వీటిలో గట్టివి గీతలు తీయడానికి, మధ్యరకం పాలిష్‌కు, మెత్తనివి చివరి మెరుపుకు. రంగునుబట్టి రకాన్ని నిర్ణయించరాదు. ఒక సంస్థ గట్టి ప్యాడ్‌కు వేసిన రంగునే మరొక సంస్థ మెత్తని ప్యాడ్‌కు వేస్తుంది. ఒక్క ప్యాడ్‌తో కారంతా ముగించాలనుకోవడం పొదుపు కాదు. కొంతసేపటికి ప్యాడ్ నిండా అరిగిన పెయింటు, పాలిష్ చేరి, వేడెక్కి, కోయవలసినది పోయి గీయడం మొదలుపెడుతుంది. ఒక్కొక్క భాగం కాగానే ప్యాడ్‌ను బ్రష్షుతో శుభ్రపరచాలి, తడిసి బరువెక్కితే మార్చాలి. మధ్యరకం నాలుగు, గట్టివి రెండు, మెత్తనివి రెండు, ద్వారబంధాల వంటి ఇరుకుచోట్లకు చిన్నవి రెండు ఉంటే ఒక కారుకు సరిపోతాయి. చిన్న ప్యాడ్లకు తగిన చిన్న ప్లేటు కూడ కావాలి. నేలమీద పడిన ప్యాడ్‌ను కడగక తిరిగి వాడరాదు.

ఈ చివరి మాట మన డెల్టాలో మరీ ముఖ్యం. ఇసుక లారీల వెనుక ప్రయాణించిన కారుపై సన్నని ఇసుక, రైసుమిల్లుల ప్రాంతంలో ఊక బూడిద పేరుకొంటాయి. ఇసుకలోనూ, ఊక బూడిదలోనూ అధిక భాగం సిలికాయే. శుభ్రంగా కడగని కారుపై ప్యాడ్ పెట్టడమంటే ఆ సిలికాతో కారును రుద్దడమే. ముందు కడగాలి, పెయింటుకు అంటుకొన్న మురికిని క్లే బార్‌తో తీయాలి, రబ్బరు అంచులకు టేపు వేయాలి, నీడలో చల్లబడిన రేకుపైనే పనిచేయాలి. మొదట ఒక చిన్న చోట మధ్యరకం ప్యాడ్‌తో, తేలికపాటి పాలిష్‌తో ప్రయత్నించాలి. దానితో గీతలు పోతే గట్టి ప్యాడ్‌ను ముట్టనవసరం లేదు. అన్ని గీతలూ పోవలసిందేనన్న పట్టుదల ప్రారంభకునికి శత్రువు. లోతైన గీత ఒకటి మిగిలినా పూత మిగలడం యజమానికి లాభం.

పదమూడవ శతాబ్దానికి చెందిన మౌలానా రూమీ మస్నవీలో ఒక కథ ఉంది. చీనా చిత్రకారులకు, రూమ్ దేశపు చిత్రకారులకు పోటీ జరుగుతుంది. చీనావారు ఎన్నో రంగులతో ఒక గోడను అలంకరిస్తారు. రూమ్ వారు రంగు ముట్టక, ఎదుటి గోడను మెరుగుపెడుతూ కూర్చుంటారు. తెర తొలగగా చీనావారి చిత్రం ఆ గోడపై మరింత అందంగా ప్రతిఫలిస్తుంది. రూమీ చెప్పదలచినది హృదయాన్ని గురించి. అయినా మన వృత్తిదారునికి కూడ అందులో పాఠమున్నది. మెరుగుపెట్టేవాడు కొత్తగా దేనినీ సృష్టించడు. ఉన్నదానిని చెరపక వెలికితీస్తాడు.

మన కళాశాల పెద్దలకు ఒక మనవి. ఒక పాత బానెట్, ఒక డీఏ యంత్రం, కొన్ని ప్యాడ్లు సమకూర్చి, ఊరిలోని అనుభవజ్ఞుడైన ఒక ఉస్తాద్‌ను పిలిపించి, సంవత్సరానికి కొన్ని దినాలైనా ఆసక్తిగల విద్యార్థులకు ఈ పని నేర్పించవలసిందిగా కోరుతున్నాము. దీనికి పెద్ద ఖర్చు కాదు. బ్యాంకు అప్పుతో దుకాణం తెరిచిన యువకుడు మొదటి నెలలోనే ఒక కారు చెరిపి, నష్టపరిహారం కట్టి, దుకాణం మూసుకోవలసిన దుస్థితి దానివల్ల కొందరికైనా తప్పుతుంది. విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంతే: తప్పు కాచే యంత్రంతో మొదలుపెట్టండి, ప్యాడ్ల దగ్గర పిసినితనం వద్దు, తీసివేసే ముందు ఒకసారి ఆలోచించండి.