మత్తు వెనుక దాగే దెబ్బ

మూర్ఛ ఉన్న పిల్లల తలకు దెబ్బ తగిలినప్పుడు అది ఎంత పెద్దదన్న ప్రశ్నే ముందుకొస్తుంది గానీ, దాన్ని సకాలంలో గుర్తించేదెవరన్న ప్రశ్న మరుగున పడుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా ఓబులదేవరచెరువు వంటి మండలాల్లో బిడ్డను పెద్దాసుపత్రికి తీసుకుపోవాలా వద్దా అన్న తొలి నిర్ణయం వైద్యుడు కాక తల్లో, ఉపాధ్యాయుడో, హాస్టల్ వార్డెనో తీసుకోవలసి రావడం వల్ల ఈ రెండో ప్రశ్నే అసలైనది. నాడీ, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు బెంగళూరు నగరంలోనూ పరిసర గ్రామాల్లోనూ జరిపి 2004లో ప్రచురించిన సర్వేలో వెయ్యిమందికి మూర్ఛ బాధితులు నగరంలో 5.7 మంది, పల్లెల్లో 11.9 మంది ఉన్నట్లు తేలింది. ఆ లెక్కను కర్ణాటక సరిహద్దుకు ఇవతలి మన పల్లెలకు యథాతథంగా అన్వయించలేకపోయినా, పూర్తిగా పక్కన పెట్టడానికీ వీల్లేదు.

ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ పిల్లలు పడిపోరు. క్షణకాలం చూపు నిలిచిపోయే రకంలో బిడ్డ సాధారణంగా కూర్చున్నచోటే ఉండిపోతుంది. ఒళ్లంతా కొయ్యబారి ఆపై కాళ్లూ చేతులూ కొట్టుకునే రకంలో మాత్రం, పడేటప్పుడు చేతులు అడ్డుపెట్టుకునే సహజ రక్షణ పనిచేయదు కనుక నుదురో తల వెనుక భాగమో నేరుగా బండకు తగులుతుంది. కండరాల పట్టు ఒక్కసారిగా సడలి కుప్పకూలడాన్ని ‘డ్రాప్ అటాక్’ అంటారు. మెత్తని హెల్మెట్ ప్రధానంగా అవసరమయ్యేది ఇవి తరచుగా వచ్చే పిల్లలకే. తలపై చెంబుతో వేడినీళ్లు పోసినప్పుడు వచ్చే ‘హాట్ వాటర్ ఎపిలెప్సీ’ దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, ఎక్కువగా నమోదైంది. తడిసిన బండ, తొట్టి అంచు, కాగే నీళ్లు ఒక్కచోటే ఉండే స్నానాల గదిలో అది రెట్టింపు ప్రమాదం. నీళ్ల వేడి తగ్గించడం, తలుపు గడియ వేయనివ్వకపోవడం ఖర్చు లేని జాగ్రత్తలు.

ఇలా తగిలే దెబ్బల్లో చాలావరకు గాట్లు, బొప్పులే. చిక్కంతా ఫిట్స్ ఆగాక వచ్చే మత్తుతోనే. అలసిన మెదడు తేరుకునేదాకా బిడ్డ నిద్రలో జోగడం సహజం. పుర్రె లోపల రక్తస్రావమైనా కనిపించేది అదే జోగు. మొదటిది క్రమంగా తేలికవుతుంది. రెండోది అంతకంతకూ ముదురుతుంది, లేదా తేరుకున్న బిడ్డను మళ్లీ కమ్ముకుంటుంది. పదేపదే వాంతులు, కంటిపాపల్లో తేడా, ఒకవైపు కాలో చెయ్యో పట్టుతప్పడం, చెవి నుంచో ముక్కు నుంచో నీరో రక్తమో కారడం వంటివాటిలో ఏ ఒక్కటి కనిపించినా, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, 108కి ఫోన్ చేయవలసిందే. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాల్సిన ఆ నిమిషాలను ఫిట్స్ ఆగుతాయన్న నమ్మకంతో చేతిలో తాళంచెవి పెట్టడం మింగేస్తుంది. ఆ ఆచారం చేసే అసలు కీడు అదే. వాడుతున్న మందు పేరు వైద్యుడికి చెప్పడమూ ముఖ్యమే, ఎందుకంటే మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కొందరిలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది.

దెబ్బల భయంతో బిడ్డను బడి మాన్పించడం పరిష్కారం కాదు. సరైన చికిత్స అందితే 70 శాతం వరకు బాధితులు ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే సమస్యల జాబితాలో మూర్ఛ వ్యాధులు ఉన్నాయి. అయితే పిల్లవాణ్ని గుర్తించి పేరు రాసుకున్నంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ బిడ్డకు వచ్చే ఫిట్స్ ఏ రకమో, మందు ఏమిటో, మత్తు ఎప్పుడు ప్రమాదకరమో తెలుగులో రాసిన ఒక్క కాగితాన్ని ఇంటికీ, బడికీ, హాస్టల్‌కూ అందించే బాధ్యతను జిల్లా వైద్య ఆరోగ్య శాఖ తీసుకోవాలి.